వేషాన్ని చూసి తూచే త్రాసు

గత రమజాన్ చివరి దశకంలో ఒకనాడు, జుహ్ర్ నమాజు ముగిసిన పిమ్మట, మేము మొగుడంపల్లి నుండి ఆటోలో జహీరాబాదు బజారుకు బయలుదేరాము. రమజాన్ సెలవులకు మదరసా విద్యార్థులందరూ తమ తమ ఇళ్ళకు వెళ్ళిపోతారు. వెళ్ళడానికి ఇల్లు లేని ఆరుగురు పిల్లలు మాత్రం మా వద్దనే ఉండిపోతారు. వారి పండుగ కుర్తాలకు గుడ్డ తీసుకోవడం ఆనాటి మా పని.

మేము వెళ్ళిన దుకాణం మా పూర్వ విద్యార్థిది. మమ్మల్ని చూడగానే అతడు గల్లాపెట్టె వదలి లేచి వచ్చాడు. సలాం చేసి, ఫ్యాను క్రింద కుర్చీ వేయించాడు. పనిచేసే కుర్రవాడు మేము అడగకమునుపే నాలుగు తానులు దించి మా ముందు పరిచాడు. "హజ్రత్, ఇంత ఎండలో మీరు రావడమెందుకు? ఫోను చేస్తే నేనే పంపించేవాణ్ణి కదా" అని మా విద్యార్థి నొచ్చుకున్నాడు.

అదే సమయంలో ఒక వృద్ధురాలు మెట్లెక్కి వచ్చింది. మా చుట్టుపక్కల తండాల నుండి బజారుకు వచ్చే లంబాడీ స్త్రీలలో ఒకరని ఆమె కట్టు చూస్తేనే తెలుస్తున్నది. కాళ్ళ నిండా దుమ్ము, చేతిలో మాసిన సంచి, కొంగు చివర ఒక ముడి. గోడకు వ్రేలాడదీసిన పట్టుచీరను చూపించి, "గా చీర జర చూపియ్యి బిడ్డా" అని అడిగింది.

కుర్రవాడు తల కూడా తిప్పలేదు. "అది నీకెందుకవ్వా, మస్తు ధర. బయట కుప్పల ఉన్నయి, పోయి చూస్కో" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం నిలబడింది. మా వైపు చూసింది. తెల్లని జుబ్బా, టోపీ, నెరసిన గడ్డం గల ఈ పెద్దమనిషి ఏదైనా ఒక మాట అంటాడని ఆశించిందేమో! మేము ఏమీ అనలేదు. కుర్తాలకు ఎన్ని మీటర్లు పడుతుందో లెక్కపెట్టుకుంటున్నాము. ఆమె మెట్లు దిగి జనంలో కలిసిపోయింది.

ఆమె ఎవరో మాకు తెలియదు. ఆమె కొంగు ముడిలో ఎంత డబ్బు ఉన్నదో, అసలు ఉన్నదో లేదో కూడా నేటికీ తెలియదు. ఈ వ్యాసం చివరన ఆమె గొప్ప ధనవంతురాలని తేలుతుందని పాఠకులు ఎదురు చూడవద్దని మనవి. డబ్బు ఉన్నా లేకపోయినా ఆమెకు జరిగింది అన్యాయమే. మేము చెప్పదలచుకున్నది ఇంతే.

అంధుడు చూడలేని ముఖకవళిక

మరునాడు ఫజ్ర్ నమాజు తరువాత మసీదులో దర్సె ఖుర్ఆన్ చెప్పవలసి ఉన్నది. క్రమంలో ఆనాడు వచ్చినది 80వ అధ్యాయం 'అబస'. దానిని మేము ఎన్ని సంవత్సరాలుగా బోధిస్తున్నామో లెక్క లేదు. కాని ఆ ఉదయం గ్రంథం తెరచినప్పుడు మా నోట మాట రాలేదు.

ఆ అధ్యాయ నేపథ్యం మన ఇళ్ళలో చాలామందికి తెలిసినదే. మక్కా నగరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) ఖురైష్ నాయకులకు ధర్మాన్ని బోధిస్తున్నారు. వారు విశ్వసిస్తే వారి వెనుక జాతి అంతా వస్తుందని ఆయన ఆశ. ఆ సమయంలో అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి) అనే అంధ సహాబీ వచ్చి, తనకు నేర్పించమని కోరారు. సంభాషణ మధ్యలో కలిగిన ఆటంకానికి ప్రవక్త (స) భృకుటి ముడిపడింది. ముఖం అటు తిరిగింది. అంతే. ఆయన ఒక్క కఠినమైన మాట అనలేదు. వచ్చినవారు అంధులు, ఆ ముఖకవళికను వారు చూడనైనా లేదు. అయినప్పటికీ అల్లాహ్ తన ప్రియ ప్రవక్తను హెచ్చరిస్తూ ఆయతులు అవతరింపజేశాడు. ఆ తరువాత ప్రవక్త (స) ఆ సహాబీని ఎంతో ఆదరించారు. తాము మదీనా విడిచి వెళ్ళిన సందర్భాలలో నగర బాధ్యతను వారికి అప్పగించారు.

ఇందులో ఒక విషయాన్ని గమనించాలి. ఆ అంధ సహాబీ వద్ద రహస్యంగా దాచుకున్న సంపద ఏదీ లేదు. ఆయన ఒక మనిషి, నేర్చుకోవాలని వచ్చాడు. ఆదరణకు ఆ అర్హత చాలునని దివ్య ఖుర్ఆన్ తీర్పు చెప్పింది.

కళ్ళులేని వ్యక్తి చూడలేని ఒక ముడిపడిన నొసలు విషయంలో ఇంతటి హెచ్చరిక వచ్చినప్పుడు, కళ్ళున్న ఆ వృద్ధురాలు చూస్తుండగా, వింటుండగా జరిగినదానికి మేము ఏమి సమాధానం చెప్పగలము? అన్నది కుర్రవాడే. కాని విని ఊరకున్నది మేము.

పది లక్షలు తేకపోతే?

మొగుడంపల్లి మండలం దాటితే కర్ణాటక. ఆ రాష్ట్రంలో ఇటీవలి సంవత్సరాలలో ఈ విషయమై మూడు సంఘటనలు పత్రికలకెక్కాయి. మూడింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడడం అవసరం.

మొదటిది 2022 జనవరిలో తుమకూరులో జరిగింది. పూలు పండించే ఒక రైతు సరుకు రవాణా వాహనం కొనడానికి మిత్రులతో కలిసి మహీంద్రా వాహనాలు అమ్మే షోరూంకు వెళ్ళాడు. అతని వేషం చూసి, అక్కడి ఉద్యోగి పది రూపాయలు కూడా లేనివాడికి పది లక్షల బండి ఎందుకన్నట్లు ఎగతాళి చేశాడు. రైతు గంట తిరగకముందే పది లక్షల నగదు తెచ్చి ఎదుట పెట్టాడు. బండి అప్పటికప్పుడు ఇవ్వడం షోరూంవారికి సాధ్యం కాలేదు. గొడవ పోలీసుల వరకు వెళ్ళింది. చివరకు షోరూంవారు క్షమాపణ చెప్పుకున్నారు. వ్యక్తి గౌరవాన్ని కాపాడడం తమ సంస్థ మూల విలువ అని, అందులో లోపం జరిగితే సరిదిద్దుతామని ఆ సంస్థ అధినేత ఆనంద్ మహీంద్రా బహిరంగంగా ప్రకటించారు. అదే సంస్థ ట్రాక్టర్లు మన జహీరాబాదు కర్మాగారంలో తయారవుతున్నాయి కనుక మా ప్రాంతంలో ఈ వార్త ఇంటింటా చెప్పుకున్నారు. "భలే బుద్ధి చెప్పాడు" అని అందరూ మెచ్చుకున్నారు. మేమూ మెచ్చుకున్నాము.

కాని ఇప్పుడు ఆలోచిస్తే ఆ మెప్పులోనే ఒక లోపం కనబడుతున్నది. రైతు పది లక్షలు తెచ్చాడు కనుక ఉద్యోగి తప్పు చేసినవాడయ్యాడు. మరి తేలేకపోతే? ధర తెలుసుకొని, వచ్చే ఏడాది పంట చేతికి వచ్చాక కొందామని వచ్చినవాడైతే? అప్పుడు ఆ ఎగతాళి న్యాయమైపోతుందా? "చూసి మాట్లాడు, వాడి దగ్గర డబ్బు ఉండవచ్చు" అని మన పిల్లలకు చెబితే, మనం వారికి మర్యాదను కాదు, జూదాన్ని నేర్పినట్లు. లాభం రావచ్చునన్న అనుమానంతో చేసే గౌరవం మనిషికి చేసే గౌరవం కాదు, డబ్బుకు చేసేది.

రెండవ సంఘటన 2024 ఫిబ్రవరిలో బెంగుళూరులో జరిగింది. నెత్తిన మూట పెట్టుకున్న ఒక వృద్ధ రైతును, బట్టలు మాసి ఉన్నాయని, మెట్రో స్టేషనులో భద్రతా సిబ్బంది ఆపివేశారు. అతని చేతిలో టికెట్టు ఉన్నది. తోటి ప్రయాణికులు నిలబడి, ఏ నిబంధన క్రింద ఆపుతున్నారని ప్రశ్నించారు. అతన్ని లోపలికి తీసుకువెళ్ళారు. తరువాత మెట్రో సంస్థ ఆ భద్రతా పర్యవేక్షకుని తొలగించింది.

మూడవది అదే సంవత్సరం జూలైలో, అదే నగరంలో. ఒక రైతు తన కుమారునితో కలిసి సినిమా చూడడానికి మాల్‌కు వెళితే, పంచె కట్టుకున్నాడని ద్వారం వద్దనే ఆపివేశారు. శాసనసభలో చర్చ జరిగింది. ఏడు రోజులు ఆ మాల్‌ను మూసివేయిస్తామని కర్ణాటక ప్రభుత్వం ప్రకటించింది.

ఈ మూడింటిలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినది రెండవది. ఎందుకంటే అక్కడ ప్రక్కన ఉన్నవారు నోరు తెరిచారు. ఆ వృద్ధుని వద్ద పది లక్షలు ఉన్నాయని వారు అనుకోలేదు. అతనికి ప్రయాణం చేసే హక్కు ఉన్నదని మాత్రమే అన్నారు. జహీరాబాదు దుకాణంలో కుర్చీ మీద కూర్చున్న మేము ఆ పాటి మాట అనలేకపోయాము.

మదీనా బజారులో ఒక పల్లెవాసి

బజారులో మనిషి విలువ ఎంతో మన ప్రవక్త (స) బజారులోనే చూపించారు. జాహిర్ (రజి) అనే ఎడారి పల్లెవాసి ఒకరు ఉండేవారు. రూపంలో అందగాడు కాదు. పల్లె నుండి వచ్చేటప్పుడు అక్కడ దొరికేవి ప్రవక్త (స) కొరకు కానుకగా తెచ్చేవారు. తిరిగి వెళ్ళేటప్పుడు ప్రవక్త (స) ఆయనకు పట్నపు వస్తువులు ఇచ్చి పంపేవారు. ఒకనాడు జాహిర్ (రజి) బజారులో తన సరుకు అమ్ముకుంటున్నారు. ప్రవక్త (స) వెనుక నుండి వచ్చి ఆయనను కౌగిలించుకున్నారు. ఎవరో తెలియక మొదట విడిపించుకోబోయి, ఆయనెవరో తెలిసిన తరువాత జాహిర్ (రజి) తన వీపును ఆ పవిత్ర వక్షానికి మరింత ఆనించారట. ఈ దాసుణ్ణి ఎవరు కొంటారని ప్రవక్త (స) చమత్కరించారు. అమ్మితే తనకు పెద్దగా ధర పలకదని జాహిర్ (రజి) అన్నారు. అల్లాహ్ వద్ద మాత్రం నీవు చవకైనవాడివి కావని ప్రవక్త (స) సెలవిచ్చారు.

అంగడిలో, అందరూ చూస్తుండగా, చెమట పట్టిన ఒక పల్లెవాసిని వెనుక నుండి కౌగిలించుకోవడం! మన ఊళ్ళలో ఏ పెద్దమనిషి అయినా అలా చేయగలడా? ఏ మౌలానా అయినా చేయగలడా? ఈ ప్రశ్న మాకు మేమే వేసుకుంటున్నాము.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గారిని మనం ధర్మశాస్త్రవేత్తగా ఎరుగుదుము. ఆయన కూఫా నగరంలో పట్టుబట్టల వర్తకులు కూడా. ఆయన జీవిత చరిత్రలలో ఒక వృద్ధురాలి ఉదంతం కనబడుతుంది. ఆమె దుకాణానికి వచ్చి, తాను బలహీనురాలినని, కొన్న ధరకే ఒక వస్త్రం ఇవ్వమని కోరింది. నాలుగు దిర్హములు ఇవ్వమన్నారు ఇమామ్ గారు. అంత తక్కువ ధర విని, ముసలిదానినని తనను ఎగతాళి చేయవద్దని ఆమె బాధపడింది. అప్పుడు ఇమామ్ గారు ఓపికగా లెక్క వివరించారు. తాను రెండు వస్త్రాలు కొన్నానని, ఒకదానిని అమ్మగా పెట్టుబడిలో నాలుగు దిర్హములు తప్ప మిగిలినదంతా తిరిగి వచ్చిందని, కనుక ఈ రెండవ వస్త్రం తనకు పడిన ధర అంతేనని చెప్పారు.

అంగడికి వచ్చిన పేదరాలికి ఎగతాళి జరుగుతుందేమోనన్న భయం ఆనాడే ఉన్నదన్నమాట. ఆ భయాన్ని తొలగించడానికి అంతటి పండితుడు తన కొనుగోలు లెక్కను ఆమె ముందు విప్పి పెట్టారు. మా విద్యార్థి దుకాణంలో కుర్రవాడు ఒక చీర మడత కూడా విప్పలేదు.

వర్తకుని మాట కూడా వినాలి

పండుగ గడచిన తరువాత మేము మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాము. ఆ రోజు సంగతి చెప్పాము. మా విద్యార్థి తలవంచుకొని విన్నాడు. తరువాత ఇలా అన్నాడు: "హజ్రత్, తప్పే. కాని మా కష్టం కూడా వినండి. రోజుకు ఎంతోమంది వస్తారు. ఇరవై చీరలు విప్పించి, ఒక్కటీ కొనకుండా లేచిపోతారు. మడతలు పెట్టడానికే ఒక మనిషి కావాలి. గుంపులో చేతివాటం చూపించేవారు కూడా ఉంటారు. ఉపవాసంతో కుర్రవాళ్ళు పొద్దుటి నుంచి నిలబడే ఉంటారు."

ఈ మాటలలో నిజం లేకపోలేదు. కాని మేము ఒకటే అడిగాము: "బేటా, ఇరవై చీరలు విప్పించి లేచిపోయేవారు ఎవరు? మాసిన బట్టలవారా, మంచి బట్టలవారా?" అతడు కాసేపు ఆలోచించి నవ్వాడు. "కారులో వచ్చేవారే ఎక్కువ" అన్నాడు.

చూశారా! ఎవరి వలన అతనికి కష్టం కలుగుతున్నదో వారికి కుర్చీ దక్కుతున్నది. ఆ అలసట కోపమంతా ఎదురు చెప్పలేనివారి మీద పడుతున్నది.

తూకంలో మోసం చేసేవారిని గురించి 'ముతఫ్ఫిఫీన్' అధ్యాయంలో వచ్చిన హెచ్చరిక మనకు తెలుసు. ఇతరుల నుండి తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశనం తప్పదని అందులో ఉన్నది. ఈ హెచ్చరిక బియ్యానికీ, గుడ్డకూ మాత్రమే అని మనం అనుకుంటాము. మర్యాద కూడా ఒక కొలతే. బ్యాంకుకు, ఆసుపత్రికి, కార్యాలయానికి వెళ్ళినప్పుడు మనకు మర్యాద నిండుగా కావాలి. మన అంగడికి వచ్చినవారికి ఇచ్చేటప్పుడు మాత్రం వేషం చూసి తగ్గిస్తాము.

రెండు గ్లాసుల నీడ

మన తెలుగు పల్లెల టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేదని పెద్దలకు జ్ఞాపకమే. దళితులకు వేరు గ్లాసు, ఇతరులకు వేరు గ్లాసు. ఈ దురాచారాల మీద విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి నివేదిక సమర్పించింది. మతం, కులం, జాతి, లింగం, జన్మస్థలం కారణంగా దుకాణాలలోకి, హోటళ్ళలోకి ఎవరినీ రానివ్వకుండా చేయరాదని మన రాజ్యాంగం 15వ అధికరణం చెబుతున్నది. అంటరానితనం పేరిట వస్తువులు అమ్మనని, సేవలు అందించనని నిరాకరించడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం.

గ్లాసును చట్టం పట్టుకోగలదు. చూపును పట్టుకోలేదు. "అది నీకెందుకవ్వా" అన్న మాటకు ఏ పోలీసు స్టేషనులోనూ కేసు కాదు. అందుకే విశ్వాసి మీద బాధ్యత ఎక్కువ. ఒకరినొకరు పరిహసించవద్దని, పరిహసించబడేవారే ఉత్తములు కావచ్చునని 'హుజురాత్' అధ్యాయం హెచ్చరించింది. అల్లాహ్ మన రూపాలను, సంపదలను కాక హృదయాలను, ఆచరణలను చూస్తాడని 'సహీహ్ ముస్లిం'లోని హదీసు తెలుపుతున్నది.

వేషాన్ని బట్టి తూచబడడం అంటే ఏమిటో మన సముదాయానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. గడ్డం చూసి "ఇల్లు ఇప్పుడే ఇచ్చేశాము" అన్న మాట విన్న యువకులు మన ఇళ్ళలో ఉన్నారు. బుర్ఖా చూసి సంచి తెరవమన్న అనుభవం గల స్త్రీలు ఉన్నారు. ఆ నొప్పి తెలిసినవారమై ఉండి, తండా నుండి వచ్చిన అవ్వకు అదే నొప్పి కలిగించడం ఎంతటి అన్యాయం!

కొనేవారి మర్యాద

ఇంతవరకు అమ్మేవారి సంగతి. కొనేవారు నిర్దోషులు కారు. జహీరాబాదు మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన ధాబాలలో కూర్చున్నప్పుడు చూడండి. బల్ల తుడిచే కుర్రవాడు ఇంకొకరి బిడ్డ. వేరే రాష్ట్రం నుండి వచ్చినవాడు కావచ్చు. వాణ్ణి ఈలవేసి పిలుస్తారు, చిటికె వేసి పిలుస్తారు. రొట్టె ఆలస్యమైతే వాడి మీద అరుస్తారు. పొయ్యి దగ్గర జరిగిన ఆలస్యానికి వాడేమి చేయగలడు? అదే బల్ల దగ్గర మన పిల్లలు కూర్చొని ఉంటారు. నాన్న ఎవరితో ఎలా మాట్లాడుతున్నాడో చూస్తుంటారు. మదరసాలో మేము ఏడాది పొడవునా చెప్పే పాఠం ఆ ఒక్క భోజనంతో చెరిగిపోతుంది.

పది సంవత్సరాలు సేవ చేసిన అనస్ (రజి)తో ప్రవక్త (స) ఒక్కసారి కూడా విసుగు మాట అనలేదు. వండి తెచ్చిన సేవకుణ్ణి తమతో కూర్చోబెట్టుకోవాలని, అది కుదరకపోతే ఒకటి రెండు ముద్దలైనా అతనికి ఇవ్వాలని ఆయన బోధించారు. అమ్మేటప్పుడూ, కొనేటప్పుడూ, బాకీ అడిగేటప్పుడూ మృదువుగా వ్యవహరించేవానిని అల్లాహ్ కరుణించాలని దుఆ చేశారు. ఆ దుఆలో అమ్మేవాడూ ఉన్నాడు, కొనేవాడూ ఉన్నాడు.

బట్టల దుకాణాలలో ఉదయం నుండి రాత్రి వరకు నిలబడి పనిచేసే ఆడపిల్లలను మనం రోజూ చూస్తున్నాము. వారు కూర్చోవడానికి ఆసనం ఏర్పాటు చేయాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్ట సవరణలు చేశాయి. చట్టం వచ్చే వరకు మనం ఆగనవసరం లేదు. ఒక స్టూలు ధర ఎంత?

మా గదిలోని రెండు కుర్చీలు

ఇతరులకు చెప్పే ముందు మా గదిని మేము చూసుకున్నాము. మదరసా కార్యాలయంలో అతిథుల కొరకు రెండు కుర్చీలు ఉన్నాయి. చందా ఇచ్చే దాతలు వచ్చినప్పుడు వాటిని తుడిచి వేస్తాము, టీ తెప్పిస్తాము. చేనులో కూలికి పోయే తండ్రి తన బిడ్డను చేర్పించడానికి వచ్చినప్పుడు గడప వద్ద నిలబడే మాట్లాడి వెళ్ళిపోతాడు. కూర్చోవద్దని మేము ఎన్నడూ అనలేదు. కూర్చోమని కూడా అనలేదు. ఇన్ని సంవత్సరాలలో ఈ సంగతి మాకు స్ఫురించకపోవడమే మాకు సిగ్గు కలిగిస్తున్నది. ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు కుర్చీ చూపించి, ఆ తరువాతనే వచ్చిన పని అడుగుతున్నాము.

మా విద్యార్థి కూడా తన కుర్రవాళ్ళకు ఒక నియమం పెట్టాడు. మెట్లెక్కి వచ్చినవారిని ముందు పలకరించాలి, అడిగినదాన్ని చూపించాలి, ధర మర్యాదగా చెప్పాలి, కొనాలో వద్దో వారే నిర్ణయించుకుంటారు. గిరాకీ ఎక్కువగా ఉన్న రోజున ఇది ఎంతవరకు నిలుస్తుందో మేము చెప్పలేము. ఆ దుకాణానికి వెళ్ళినప్పుడు మా కన్ను మాత్రం కుర్చీ మీద కాక మెట్ల మీద ఉంటున్నది.

ప్రియ సోదర సోదరీమణులారా! అల్లాహ్ హక్కులో జరిగిన లోపాన్ని పశ్చాత్తాపంతో అల్లాహ్‌నే వేడుకోవచ్చు. దాసుల హక్కులో జరిగిన లోపానికి మాత్రం ఆ దాసుణ్ణే క్షమాపణ అడగాలి. ఆ అవ్వ పేరు మాకు తెలియదు, తండా తెలియదు. బజారుకు పోయిన ప్రతిసారీ ఆ ముఖం కొరకు వెదకుతున్నాము, ఇంతవరకు కనబడలేదు. ఆ రోజు చెప్పవలసి ఉండినది ఒకే ఒక్క మాట: "బేటా, అవ్వకు ఆ చీర చూపించు." ఐదు నిమిషాలు కూడా పట్టని పని. ఇప్పుడు దానికి ఎంతకాలం వెదకాలో తెలియదు.

అల్లాహ్ మన చూపులోని వంకరను సరిచేయుగాక! మన అంగళ్ళకు, మన గడపలకు వచ్చినవారిని వారి బట్టలను బట్టి కాక మనుషులుగా చూసే హృదయాన్ని మనకు ప్రసాదించుగాక! చెప్పవలసిన చోట నోరు తెరిచే ధైర్యాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.